తడి ఆరేదాకా

చిరంజీవి బుజ్జికి అమ్మ దీవెనలు. ఇక్కడ నేను, మీ నాన్న కులాసా. మంచంలో ఉన్న మీ నాన్నమ్మ కూడా ఉన్నంతలో కులాసాయే. నీ దగ్గు తగ్గిందని రాశావు, సంతోషం.

వెల్ల అనే మాట ఎక్కడిదని తరగతిలో అడిగారన్నావు. నువ్వు వదిలి వెళ్ళిన నిఘంటువు తీసి చూశాను. వెల్ల అంటే తెలుపు. వెన్నెలలోనూ, వెండిలోనూ ఉన్నది ఆ మూలమేనట. వెల్ల వేసేవాణ్ణి కూడా అడిగాను. సున్నం కలుపుతూ, "కిందున్నది ఎక్కడికీ పోదమ్మా, కనబడదు, అంతే" అన్నాడు. పరీక్షలో మాత్రం నిఘంటువులో ఉన్నదే రాయి.

నీ రెండో ప్రశ్నను రెండు ఉత్తరాలుగా దాటేస్తున్నాను. "నాన్నమ్మ నాకేమైనా రాసిందా" అన్నావు. రాసింది. పక్షవాతంతో మాట పడిపోయాక, ఎడమచేత్తో బొగ్గుముక్క పట్టుకుని మంచం పక్క గోడంతా రాసేది. మొదట్లో నీళ్ళు, దుప్పటి, కిటికీ. తర్వాత నా మీద. చివరికి జానెడేసి అక్షరాలతో, "బుజ్జీ, నన్ను తీసుకుపో. ఇది అన్నం పెట్టడం లేదు" అని. పెడుతున్నాను. నేను కాపురానికొచ్చిన ఏడాది ఆవిడ నాకు పెట్టినంత, కొలిచి పెడుతున్నాను.

మీ నాన్న పొరుగూరి నుంచి వచ్చేలోపు వెల్ల వేయించాను. మంచం జరపనివ్వలేదు. సున్నం తడిగా ఉన్నంతసేపూ అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి, ఆరేకొద్దీ మాయమవుతాయి. మధ్యాహ్నమంతా ఆవిడ రెప్పవేయకుండా చూసింది. నేను పక్కనే కూర్చుని బఠాణీలు ఒలుచుకున్నాను. కాపురానికొచ్చిన కొత్తలో నేనేం చెప్పబోయినా "పోయి గోడకి చెప్పుకోవే" అనేది.

"గోడ వింటోందా అత్తయ్యా?" అని అడిగాను.

మీ నాన్న వచ్చి, గది కళకళలాడుతోందన్నారు.

మొన్న ఆవిడ గ్లాసులో వేళ్ళు ముంచి గోడకు రుద్దుతుంటే చూశాను. తడి తగిలినచోట నీ పేరు మళ్ళీ తేలింది. పొడిగుడ్డతో అద్ది, ఆరేదాకా నిలబడ్డాను. అప్పటినుంచి గ్లాసు చేతికందనిచోట పెట్టి, నీళ్ళు నేనే చెంచాతో పోస్తున్నాను.

ఇదంతా ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం సయించడం లేదు. అందుకే రాశాను. తీసుకుపోగలిగితే వచ్చి తీసుకుపో. నీ హాస్టలు గదిలో మంచం ఒక్కటే కదా, ఆలోచించుకో. ఈలోగా నాన్నమ్మకు జవాబు రాయదలిస్తే రాయి. నేనే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
నీ మేలు కోరే అమ్మ