నిచ్చెన బార్

మార్చి 3, సోమవారం. రైల్లో

అత్తగారికి తెలిసిపోయింది.

పదకొండేళ్ళుగా నేను స్కూలు పుస్తకాలు అచ్చేసే ఆఫీసులో పనిచేస్తున్నానని ఆవిడ నమ్మకం. నేనెప్పుడూ అలా చెప్పలేదు. ఆవిడే అనుకున్నారు, నేను కాదనలేదు. ఇవాళ పొద్దున బిస్కట్ల కోసం నా బ్యాగు తెరిచి మా గైడ్‌బుక్ బయటికి లాగారు. బార్లు, హోటళ్ళు, వింతలు అని అట్ట మీద ఇంతింత అక్షరాలు. కింద నా పేరు.

కళ్ళజోడు పెట్టుకుని ముప్ఫై పేజీలు చదివారు. ఆవిడ తిడితే నాకు భయం లేదు, ఊరుకుంటేనే చచ్చేంత భయం. చివరికి, బార్లలో తిరిగితే జీతం కూడా ఇస్తారా అని అడిగారు. ఇస్తారన్నాను. మీ మామగారు పాపం నలభై ఏళ్ళు జీతం లేకుండానే తిరిగారే అన్నారు.

ఆవిడ రావడం నా ఆలోచన కాదు. ఆవిడకి సముద్రం చూడాలని ఉందట, మా ఆయనకి సెలవు దొరకలేదట. తల్లీకొడుకులు మాట్లాడుకుని టిక్కెట్టు తీసేశారు. నాకు చెప్పింది స్టేషన్లో.

సాయంత్రం 5

రూమ్ బానే ఉంది. ఆవిడ స్నానానికి వెళ్ళారు కాబట్టి అసలు విషయం రాస్తాను.

మా వృత్తిలో ఒక అలవాటుంది. ప్రతి గైడ్‌బుక్‌లో లేని చోటు ఒకటి ఉన్నట్టు రాసి పెడతాం. ఆఫీసులో దాన్ని ఎర అంటాం. ఎవడైనా మన పుస్తకం కాపీ కొడితే ఆ లేని చోటు కూడా వాడి పుస్తకంలోకి వెళ్ళిపోతుంది. దొంగ అడ్డంగా దొరికిపోతాడు. నాలుగేళ్ళ క్రితం ఈ ఊరికి ఎర వేసింది నేనే. నిచ్చెన బార్, గడియారాల వీధి, నంబరు 14. ఓనరు నిచ్చెన మూడో మెట్టు ఎక్కి, నేల మీద పెట్టిన గ్లాసులోకి చుక్క ఒలక్కుండా పోస్తాడు. టీ బ్రేక్‌లో అయిదు నిమిషాల్లో రాసి పారేశాను.

ఇప్పుడు పోటీ కంపెనీవాళ్ళ కొత్త గైడ్‌లో నిచ్చెన బార్ వచ్చింది. మూడో మెట్టుతో సహా. మా ఎడిటర్ గారి సంబరం అంతా ఇంతా కాదు. కేసు వేశారు. వాళ్ళు మాత్రం మేం స్వయంగా వెళ్ళి చూసే రాశామంటున్నారట. అందుకని నేను వెళ్ళి, ఆ అడ్రసులో బార్ ఏదీ లేదని ఫోటో తీసి, సంతకం పెట్టి, శుక్రవారం మధ్యాహ్నంలోగా పంపాలి. కేసు గెలిస్తే ఈ వైపు పుస్తకాలన్నిటికీ నన్నే హెడ్ చేస్తారట. ఎలాగూ వెళ్తున్నావు కదా, కొత్త ఎడిషన్‌కి మిగతావి కూడా చూసి రమ్మన్నారు.

ఉత్త గోడని ఫోటో తీయడానికి ఇంత దూరం పంపారు. హాయిగా ఉంది.

మార్చి 4, మంగళవారం

కాళ్ళు పడిపోయాయి. మూడు బార్లు, రెండు హోటళ్ళు, ఒక మ్యూజియం.

అత్తగారు బార్‌లో అడుగుపెట్టగానే నిమ్మకాయ సోడా చెబుతారు. అది వచ్చేలోపు తిన్నగా వంటగదిలోకి వెళ్ళి గిన్నెలు తుడిచే గుడ్డ చూస్తారు. ఎవరూ ఆపరు. ఆ వయసు, ఆ నడక చూసి ఓనరు తల్లి అనుకుంటున్నారు కాబోలు. రేవు పక్కన బార్‌కి నేను నాలుగు స్టార్లు ఇద్దామనుకున్నాను. గుడ్డ చూసొచ్చి ఒకటి చాలన్నారు. రైలు వంతెన కింద బార్ నాకు అస్సలు నచ్చలేదు. గోడలు చెమ్మ, కుర్చీకి మూడే కాళ్ళు. గుడ్డ ఉతికి ఎండలో ఆరేశారట, అయిదు ఇచ్చి తీరాలట. అక్కడ వేయించిన చేప తిన్నాను. ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు గానీ ఆవిడ చెప్పిందే నిజం.

మ్యూజియం అంటే ట్రాముల్లో జనం మర్చిపోయిన వస్తువులు. గది నిండా గొడుగులు, ఒంటి చెప్పులు, ఒక వయొలిన్, అరవై ఒక్క కట్టుడుపళ్ళ సెట్లు. నోట్లో పళ్ళు మర్చిపోయి ఎలా దిగుతారో నాకు అర్థం కాలేదు. పెళ్ళాంతో పోట్లాటకి దిగి, అలిగి మధ్యలో దిగిపోయుంటాడని అత్తగారు తేల్చేశారు. అక్కడి కాపలా ఆయన ఆ మాట తన నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

మార్చి 5, బుధవారం. మధ్యాహ్నం 3

ఉంది.

సాయంత్రం 6

రూముకి వచ్చేశాం. రాస్తాను.

పద్నాలుగో నంబరు ముందు ఎనిమిదిమంది లైను. సగం మంది చేతిలో మా గైడ్, సగం మంది చేతిలో పోటీవాళ్ళది. పైన బోర్డు, నిచ్చెన బార్ అని. లోపల నిచ్చెన. నిచ్చెన మూడో మెట్టు మీద అరవై ఏళ్ళ మనిషి, చేతిలో సీసా. నేల మీద గ్లాసు. పోశాడు. సన్నగా దారంలాగా దిగింది. ఒక్క చుక్క ఒలకలేదు. జనం చప్పట్లు కొట్టారు. నేను గోడ పట్టుకున్నాను.

నేను టీ బ్రేక్‌లో రాసింది ఆయన అక్షరం పొల్లుపోకుండా చేస్తున్నాడు. దిగేటప్పుడు మాత్రం మోకాలు పట్టుకుని మూలిగాడు. అది నేను రాయలేదు.

అత్తగారు వంటగదిలోంచి వచ్చి, గుడ్డ మల్లెపూవులా ఉంది, మారుమాట్లాడకుండా అయిదు వేసెయ్యమన్నారు. మొహం అలా పాలిపోయిందేమిటని అడిగారు. ఎండ అన్నాను.

మార్చి 6, గురువారం

పొద్దున బార్ తెరవకముందే వెళ్ళి ఓనరు భార్యని కదిపాను. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ మొత్తం చెప్పింది.

అది ఒకప్పుడు తాళాలు బాగుచేసే కొట్టట. నాలుగేళ్ళ క్రితం జనం పుస్తకం పట్టుకుని రావడం మొదలైందట. ఇది బార్ కాదు మహాప్రభో అని తాళాలాయన ఒట్టేసి చెప్పినా నమ్మేవాళ్ళు కాదట. ఇదిగో రాసుందిగా అని ఆయనకే చూపించేవాళ్ళట. ఒకాయన నిచ్చెన ఎక్కడ దాచావని మంచం కింద కూడా వెతికాడట. ఏడాదిపాటు ఇదే గోల. ఈలోపు ఊళ్ళో తలుపులన్నీ కార్డులతో తెరుచుకునేవి అయిపోయాయి, తాళాలకి వచ్చే దిక్కు లేదు. ఒకరోజు ఈవిడకి విసుగొచ్చి, ఎలాగూ వస్తున్నారు, ఆ నిచ్చెనేదో ఎక్కి ఏడవరాదా అందట. మూడు నెలలు నీళ్ళతో ప్రాక్టీసు. ఆయన పోయడం, ఈవిడ తుడవడం. ఇప్పుడు కొడుకూ కోడలూ కూడా ఇక్కడే. ఇల్లంతా దీనిమీదే నడుస్తోంది.

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది, ఆపుకోలేకపోయాను. ఉల్లిపాయలు ఘాటు అని ఆవిడే దూరం జరిగింది.

తాళాలాయనకి ఉన్న బాధల్లా ఒక్కటే. మూడో మెట్టు. రెండో మెట్టని రాస్తే వాడి సొమ్మేం పోయేది అన్నాడు. ఆ రాసినవాడు చేతికి చిక్కితే ముందు ఈ మోకాలు చూపించి, తర్వాత మాట్లాడతాడట. రాసినవాడు అన్నాడే గానీ రాసినావిడ అనలేదు కదా అని నేను తప్పించుకున్నాను.

మధ్యాహ్నం ఎడిటర్ గారికి ఫోన్ చేసి బార్ ఉందని చెప్పాను. ఉండటానికి వీల్లేదన్నారు. కళ్ళారా చూశానన్నాను. అయితే పొద్దున్నే షట్టరు మూసి ఉన్నప్పుడు, బోర్డు పడకుండా, నంబరు మాత్రం కనిపించేలా తీసి పంపమన్నారు. కింద బార్ లేదని నా సంతకం. కేసు గెలిస్తే రెండు పుస్తకాల్లోంచీ ఆ ఎంట్రీ ఎగిరిపోతుంది, అంతకంటే ఎవరికీ ఏ నష్టమూ లేదన్నారు. పంపలేకపోతే సోమవారం వచ్చి నా టేబుల్ ఖాళీ చేసుకోవచ్చట. ఎంత మర్యాదగా అన్నారంటే, ఫోన్ పెట్టేశాక గానీ నా బుర్రకి ఎక్కలేదు.

ఎవరికీ నష్టం లేదట! రెండు పుస్తకాల్లోంచీ తీసేస్తే ఆ సందులోకి ఎవడు వస్తాడు? ఆ నలుగురూ మళ్ళీ తాళాలు బాగుచేసుకుంటూ కూర్చోవాలా?

మార్చి 7, శుక్రవారం. పొద్దున 10

ఫోటో తీశాను. ఏడింటికి, షట్టరు మూసి ఉండగా. బోర్డు పడలేదు. దిక్కుమాలిన ఫోటో, ఎంత బాగా వచ్చిందో.

రెండు రిపోర్టులు రాశాను. ఒకటి లేదని, ఒకటి ఉందని. మంచం మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే అత్తగారు వచ్చారు. ఇంక దాచలేక ఎర దగ్గర్నుంచీ అన్నీ కక్కేశాను. ఆవిడ రెండూ చదివారు. లేదని రాసినదాంట్లో భాష బాగా కుదిరిందన్నారు. నిజమే, అబద్ధం రాయడం నాకు వచ్చినంత బాగా ఇంకేదీ రాదు. ఏది పంపమంటారు అత్తయ్యా అని అడిగాను. పదకొండేళ్ళు నన్ను స్కూలు పుస్తకాల్లో ఉంచినప్పుడు అడగనిదానివి, ఇప్పుడెందుకు అడుగుతున్నావన్నారు. చెప్పులేసుకుని టీకి వెళ్ళిపోయారు.

ఒళ్ళు మండిపోయింది.

11.40

ఉందనే పంపాను. ఆయన నిచ్చెన మీద ఉండగా తీసిన ఫోటో జత చేసి.

సాయంత్రం 6

వెళ్ళి చెప్పేశాను. ఆ రాసినవాడు నేనేనని.

తాళాలాయన మూడో మెట్టు మీద ఉన్నాడు. మెల్లిగా దిగాడు. నా మొహం చూశాడు, మోకాలు చూసుకున్నాడు. ఎందుకు మూడు అని అడిగాడు. తెలీదన్నాను. చెవికి బాగుందని రాశానన్నాను. ఆయన సీసా నా చేతిలో పెట్టి నిచ్చెన వైపు చూపించాడు. ఎక్కాను. పై నుంచి చూస్తే గ్లాసు గుండీ అంత ఉంది. పోశాను. గ్లాసులో ఒక్క చుక్క పడలేదు, మొత్తం పక్కన నిలబడి చూస్తున్న అత్తగారి కళ్ళజోడు మీదే పడింది. లైను మొత్తం పగలబడి నవ్వింది. అందరికంటే ఎక్కువ తాళాలాయన భార్య నవ్వింది, తుడుస్తూ.

ఆ తర్వాత పెన్ను తీసుకుని లైను పొడుగునా నడిచాను. ప్రతి ఒక్కరి పుస్తకంలో మూడో మెట్టు కొట్టేసి, రెండో మెట్టు అని రాసి, సంతకం పెట్టాను. పోటీవాళ్ళ పుస్తకాల్లో కూడా. వాళ్ళ అట్ట మీద ఉన్న పేరు నాది కాదని ఎవరికీ పట్టలేదు.

మార్చి 8, శనివారం

ఉద్యోగం పోయింది. రెండు లైన్ల మెయిల్. రెండో లైనులో శుభాకాంక్షలు.

మధ్యాహ్నం దాకా దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. మా ఆయనకి ఫోన్ చేస్తే వచ్చెయ్యి, చూసుకుందాం అన్నాడు. ఆ మాటకి మళ్ళీ ఏడ్చాను.

అత్తగారు మంచం అంచున కూర్చుని, పోనీలే, ఆ ఎడిటర్ చెప్పమన్న అబద్ధం ఒక్కటి చెప్పనందుకు ఇంత శిక్షా అన్నారు. అప్పుడు నోరు జారాను. ఈ ఊరి గురించి నేను రాసిన అబద్ధాలు ఒక్కటి కాదు అత్తయ్యా, ఏడు అన్నాను. ఎడిటర్‌కి తెలిసింది ఒక్కటే. నాలుగేళ్ళ క్రితం అయిదు రోజుల పనికి వచ్చి, మూడు రోజులు జ్వరంతో ఇలాగే మంచం మీద పడున్నాను. పేజీలు నిండాలి కదా. పడుకునే ఇంకో ఆరు చోట్లు పుట్టించాను.

అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని లిస్టు రాసిమ్మన్నారు.

మార్చి 9, ఆదివారం

టిక్కెట్లు ఆవిడే వాయిదా వేయించారు. సముద్రం ఊసే లేదు.

లిస్టులో నిచ్చెన బార్ తర్వాత రెండోది, మాటలు నిషేధమైన కాఫీ హోటల్. ఉండదుగాక ఉండదని నేను దారి పొడుగునా చెబుతూనే ఉన్నాను. తలుపు తోశాం. లోపల పాతికమంది ఉన్నారు. ఒక్కరు నోరు మెదపడం లేదు.

గంటసేపు మేమూ అలాగే కూర్చున్నాం. అత్తగారు కూడా.