చేప వస్తే నొక్కాలి

జూలై 2
ఉప్పుగూడ స్టేషన్ వెనక సందు. ఈరోజు సర్వే యాదమ్మ ఇంట్లో. లక్క గాజులకు రాళ్లు అతికిస్తుంది... నువ్వుగింజంత రాయి, గురి తప్పదు. అదే మనిషి నా టాబ్‌లో ఆట దగ్గర ఘోరంగా ఓడిపోయింది! చేప కనబడితే నొక్కాలి, తాబేలు కనబడితే ఊరుకోవాలి. మనిషి ధ్యాస కొలవడానికి అంతకంటే సులువైన ఆట లేదు. ముప్పై చేపలు వదిలేసింది.

జూలై 3
టాబ్‌లో మాటలు కూడా రికార్డవుతాయి. రూమ్‌లో కూర్చుని విన్నాను. ఆమె చేపలు వదిలేసింది నన్ను పలకరించిన చోట్లే.
"తిన్నవా బిడ్డా?" రెండు చేపలు.
"గింత సన్నగున్నవేంది?" మూడు.
"ఒక్కదానివే ఉంటవా?" ఐదు. నా జవాబు కోసం ఆగింది మరి.
"అలవాటైపోయిందమ్మా"... నా గొంతు విని నాకే జాలేసింది.

జూలై 4
సర్వే చూసే సార్: "ధ్యాస నిలవని కేసు. తీసెయ్యండి."
తీసేస్తే సర్వేలో మిగతా మూడు వారాలు ఆ గడప తొక్కే పని లేదు. నాకేం, ఇంకో ఇల్లు... అబద్ధం. ఏడుపొచ్చింది. బతిమాలాను.
సార్ మెత్తబడ్డారు: "ఇంకొక్కసారే. మీరు ఎదురుగా కూర్చోవద్దు. నోరు విప్పొద్దు."

జూలై 5
ఆదివారం. ఎవరితోనూ మాట్లాడలేదు. పాలాయన కూడా ప్యాకెట్ తలుపు గడియకు తగిలించి పోయాడు.

జూలై 7
పరదా వెనక పీట మీద నేను. "ఆట అయ్యేదాకా మాటల్లేవు యాదమ్మా." "సరే తీ, ఫికర్ చెయ్యకు."
టక్. టక్. వదిలేసిన చేపకల్లా టాబ్ కుయ్యిమంటుంది. ఒక్క కుయ్యి లేదు. సంతోషించాలి కదా? కుళ్లుకున్నాను. నేను ఎదురుగా లేకపోతే ఎంత హాయిగా ఆడుతోందో!
పదో నిమిషంలో ఆగింది.
"బిడ్డా... ఉన్నవా?"
పెదవి కొరుక్కున్నాను. కుయ్యి.
"సప్పుడే లేదు. పోయినవా ఏంది?" కుయ్యి. కుయ్యి.
"ఉన్నానమ్మా." గట్టిగానే అన్నాను.
"గట్ల అను మరి." మళ్లీ టక్, టక్.

జూలై 8
పోయినవి మూడే చేపలు. సార్ ఒప్పుకుంటారు. రికార్డింగులు ఆయన వినరు.
ఫారంలో చివరి గడి: పరీక్ష జరుగుతుండగా మీరు మాట్లాడారా?
అవునంటే పరీక్ష చెల్లదు, యాదమ్మ ఇంటికి ఇక వెళ్లనక్కర్లేదు. కాదంటే, ఆ ఒక్క మాట నేను అనలేదని నేనే సంతకం పెట్టాలి. ఈ ఊరొచ్చాక నన్ను ఉన్నావా అని అడిగింది ఆమె ఒక్కతే.
ఐదింటికల్లా ఇవ్వాలి. ఇప్పుడు నాలుగున్నర.