షాహీన్ ప్లాస్మా, నా చేట

మంగళవారం, రాత్రి.

రేపు మనవరాలు షాహీన్ మా ఊరి హైస్కూల్లో తన పరిశోధన గురించి తెలుగులో చెప్పాలి. పిల్లలకు అర్థం కాదేమోనని దిగులు. సాయంత్రం నన్ను కూర్చోబెట్టి చెప్పి చూసింది. ఐదు చదివిన నాకు అర్థమైతే వాళ్లకూ అయినట్టేనట.

సూర్యుడిలో ఉన్నట్టు కాగే వాయువును ప్లాస్మా అంటారట. దాంతో కరెంటు పుట్టించాలని చేసే యంత్రంలో, అయస్కాంతాలు దాన్ని గోడలకు తగలకుండా పట్టి ఉంచుతాయట. లోపల సుడులు లేస్తే వేడి బయటికి పోతుంది. గోడల నుంచి రాలిన లోహపు నలుసులు నడిమికి చేరినా చల్లారిపోతుంది.

నేను మామూలుగా నోరు విప్పను. ఈరోజు ఎందుకో అడిగేశాను.

“సుడులన్నీ ఆపేస్తే ఆ నలుసులు బయటికెట్ల పోతాయమ్మా? గాలి లేకుంటే కొర్రల్లో పొట్టు పోదు కదా. గాలి ఎక్కువైతే కొర్రలూ పోతాయి.”

షాహీన్ చేతిలోని కాగితాలు పక్కన పెట్టేసింది. తప్పు మాట్లాడానేమోనని తల దించుకున్నాను.

“తాతా! ఇది ఎట్ల చెప్పాలా అని వారం నుంచి తల బద్దలు కొట్టుకుంటాండాను. సుడులు కొన్ని ఉండాల్సిందే. ఇన్నాళ్లూ యాడ దాచినావు ఈ తెలివి?”

“కళ్లంలో,” అన్నాను. ఇద్దరం కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాం.

రేపు నేనే వచ్చి చేటతో తూర్పారబట్టి చూపించాలట. అంతమంది ముందు! వద్దనబోయి సరే అనేశాను. చేట దులిపి, కొర్రలు మూటగట్టి గడప దగ్గర పెట్టాను. నిద్ర రావడం లేదు.

ఆ బడి గదిలో ఫ్యాన్ ఉందో లేదో అడగనే లేదు...