పదిహేడు బావుల రిజిస్టరు

ఏప్రిల్ 9, ఆదివారం

ప్రియమైన బావకు,

నమస్కారాలు. మేమిక్కడ కులాసా, మీరక్కడ కులాసా అని తలుస్తాను అంటూ మొదలుపెట్టడం మర్యాద కనక నేనూ అలాగే మొదలుపెడుతున్నాను. నిజానికి నాకు మోకాళ్ళు పట్టేశాయి, మా ఆవిడకు ఒక కన్ను సరిగ్గా కనబడటం లేదు. ఆ రెండో కంటితోనే నా తప్పులన్నీ చూడగలుగుతోంది కాబట్టి కులాసా అనే రాసుకోవచ్చు. చెల్లెలు ఎలా ఉంది? ఈ కవరు మీద దస్తూరీ చూసి ముందు నీ మొహం వంక చూస్తుందని నాకు తెలుసు. చదవడం అయ్యాక తనకీ ఇవ్వు.

నువ్వు రాసిన మూడు ఉత్తరాలకూ నేను జవాబు రాయలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే పిల్లల చదువుల గురించి అడిగి పక్కకు తప్పుకున్నాను. నువ్వే నా మీద కోపం పెంచుకున్నావని మా ఆవిడతో ఇన్నేళ్ళూ చెప్పాను. నీకు కోపమే లేదని నాకు తెలుసు. ఉండి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఇప్పుడు రాయక తప్పని పని పడింది. మన సర్వే ఆఫీసులో ఇప్పుడు ఒకమ్మాయి ఆఫీసరు. మీ పెద్దమ్మాయి ఈడుది. మొన్న గురువారం పొద్దున పదకొండింటికి అడ్రసు వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. భుజాన సంచి, సంచిలో మన పాత రిజిస్టర్లు. గడప దగ్గరే గుర్తుపట్టాను. అట్టలు వెలిసిపోయాయి కానీ వెన్ను మీద నువ్వు తెల్లరంగుతో వేసిన అంకెలు అలాగే ఉన్నాయి. రాళ్ళ మీద వేసినట్టే పుస్తకాల మీదా వేసేవాడివి.

ఆ ఆఫీసు మొదలైన రోజులు నీకు గుర్తున్నాయా? ధాన్యం కొట్టు ఖాళీ చేయించి మనకిచ్చారు. గోడలకు ఇంకా గింజల వాసన పోలేదు. మనం ఆరుగురం, కుర్చీలు నాలుగు. ఆలస్యంగా వచ్చినవాడు మూలనున్న నల్లరాతి మీద కూర్చోవాలని నువ్వే రూలు పెట్టి, నువ్వే రోజూ దాని మీద కూర్చునేవాడివి. కిటికీల నిండా అభ్రకం ముక్కలు, ఇనుపరాళ్ళు. దేశంలో భూమి కింద ఏముందో మనమే కనిపెట్టి చెప్పాలని మనల్ని వేశారు, చేతికి మాత్రం ఒక భూతద్దం, మూడు సుత్తులు ఇచ్చారు.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. టేపు చివర సుద్ద రాసి బావిలోకి వదలడం, ఎంతవరకు తడిసిందో చూసి నీళ్ళ లోతు కట్టడం నాకు నేర్పింది నువ్వు. నన్ను ఉద్యోగంలో పెట్టించిందీ నువ్వే. మా చెల్లెల్ని చేసుకోకముందే నాకు బావవయ్యావని అందరూ నవ్వేవారు.

ఆ అమ్మాయి రిజిస్టర్లు మా మంచం మీద పరిచి, నెమ్మదిగానే అడిగింది. కొండకు ఇవతలి లోయలో ఆర్నెల్లపాటు రెండు బోర్లు ఆపకుండా తోడినా చుట్టుపక్కల పదిహేడు బావుల్లో నీళ్ళు దిగలేదని ఇక్కడ ఉంది, మరి దీన్ని నమ్మి వరసగా బోర్లు వేశాక తొమ్మిదేళ్ళకే లోయంతా ఎందుకు ఎండిపోయిందండీ అంది. జనం అడ్డూ అదుపూ లేకుండా తోడేశారని ఫైల్లో రాసి ఉందట. ఆమెకు ఆ మాట మింగుడుపడలేదు. కొండకు అవతలి లోయలోనూ అదే రాయి. మన రిజిస్టరు చూపించి అక్కడ అరవై బోర్లు వేయడానికి కాగితాలు కదులుతున్నాయి. ఈ అంకెలు మీరే కొలిచారా, అయితే సోమవారం వచ్చి ఒక సంతకం పెడతారా అని అడిగి వెళ్ళింది. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు.

బావా, ఆ అంకెలు నిజం కావు.

ఆ పరీక్ష పెట్టించింది నువ్వు. అక్కడ నీళ్ళు పైనున్న గుల్లరాతిలోనే ఉన్నాయని, దాని కింద అంతా నీరు పట్టని గట్టి చట్టు అని, అక్కడక్కడా నాలుగు పగుళ్ళు తప్ప ఏమీ లేవని, పగుళ్ళు ఖాళీ చేస్తే నిండటానికి ఏళ్ళు పడుతుందని నువ్వు రిపోర్టులో రాశావు. నన్ను నమ్మకపోతే రెండు బోర్లు వేసి తోడి చూడండి, బావులు కొలవండి అన్నావు. పెద్దాఫీసరు ఒప్పుకున్నాడు. ఈలోగా నిన్ను ఇనుపరాతి పని మీద కొండల్లోకి పంపారు. పదిహేను రోజులకోసారి సైకిలు మీద వెళ్ళి పదిహేడు బావులూ కొలవడం నా వంతైంది.

ఆ ఏడే మా ఆవిడ మంచం పట్టింది. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. ఇంట్లో ఇంకో ఆడదిక్కు లేదు. వదిలి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. మొదటిసారి కొలిచిన అంకెల పక్కనే అరడుగు అటూ ఇటూ చేసి రాసుకుంటూ పోయాను. ఇరవై రెండు, ఇరవై రెండున్నర, ఇరవై రెండు. వచ్చే నెల వెళ్ళి సరిచేద్దాం అనుకున్నాను. వచ్చే నెల మళ్ళీ అలాగే అయింది. ఒకసారి రాసిన అబద్ధానికి అన్నం పెట్టి పోషించాలి కదా.

మీటింగుకు ముందు రోజు నువ్వు కొండల నుంచి దిగి వచ్చావు. చొక్కా నిండా ఎర్రదుమ్ము. రిజిస్టరు మొత్తం రెండుసార్లు తిప్పి, నువ్వే కొలిచావా బావా అని ఒక్కమాట అడిగావు. నేనే కొలిచాను అన్నాను. అది అబద్ధం. నువ్వు రిజిస్టరు మూసేశావు. మర్నాడు అందరి ముందూ లేచి, కొలత ముందు నా ఊహ నిలబడదు, నేనే పొరబడ్డాను అన్నావు. నీకంటే చిన్నవాళ్ళు నవ్వారు. నెల తిరక్కుండా రాజీనామా ఇచ్చి వెళ్ళి బళ్ళో లెక్కలు చెప్పుకున్నావు. రాళ్ళ ఊసెత్తవద్దని నువ్వు పిల్లలతో అంటావని చెల్లెలు ఒకసారి మా ఆవిడకు చెప్పింది.

లోయ చూస్తే నీ గుండె చెరువవుతుంది. మొదట పదకొండో నంబరు బావి పక్క బోరు ఎండింది. తర్వాత వరసగా అన్నీ. మొన్న శుక్రవారం బస్సెక్కి వెళ్ళి వచ్చాను. సగం ఇళ్ళకు తాళాలు. మనకు మంచం వేసి కూర్చోబెట్టే ఆ కుమ్మరి ఉన్నాడే, అతని కొడుకులు కుటుంబాలతో పట్నం పోయారు. అతను మాత్రం ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి, మీ తప్పేముంది బాబూ, భూమే మోసం చేసింది అన్నాడు. మంచినీళ్ళు ఇవ్వబోతే వద్దని వచ్చేశాను.

రేపు వెళ్ళి సంతకం పెట్టనని చెబుతాను. భార్య జబ్బు వల్ల కొలవలేదని ఒప్పుకుంటాను. అవతలి లోయనైనా వదిలేస్తారు. కానీ ఆమెకంటే ముందు నీకు చెప్పాలనిపించింది. నువ్వు పొరబడలేదు బావా. నీ రిపోర్టులో ఒక్క వాక్యం కూడా తప్పు కాదు. నీ చదువును నువ్వు అనుమానించుకుంటూ ఇరవై రెండేళ్ళు బతికావంటే దానికి కారణం నేను. క్షమించమని రాయాలని కలం పట్టాను. ఆ మాట ఇక్కడ చాలా చిన్నదిగా కనబడుతోంది.

చెల్లెలికి నా ఆశీస్సులు, ఆమె పుచ్చుకుంటే.

ఇట్లు
నీ బావ

తా.క.
మంగళవారం.

ఆదివారం సాయంత్రం కవరు అంటించబోతుంటే మా ఆవిడ చదివి పెట్టమంది. చదివాను. ఆమె అంతా విని, నా జ్వరం పదకొండు రోజులు, అప్పుడు కూడా మీ చెల్లెలు వచ్చి నా దగ్గరుంది, మీరు సైకిలేసుకుని పోతూనే ఉన్నారు, మిగతా ఆర్నెల్లూ ఎవరికొచ్చింది జ్వరం అంది. నన్ను అడ్డం పెట్టుకుని తప్పుకోకండి అని లోపలికి వెళ్ళిపోయింది. చెల్లెలు నీ పక్కనే ఉంది కదా. పైన రాసింది చదవగానే అబద్ధమని ఆమే నీకు చెప్పేది. అది కూడా తోచనంతగా నా కథ నేనే నమ్మాను.

బావా, నేను కొలిచాను. ప్రతిసారీ, పదిహేడు బావులూ. నేనే కొలిచానని నీతో అన్నది అబద్ధమని పైన రాశాను, ఆ రోజు నేనన్న ఒకే ఒక్క నిజం అది. నాలుగో నెలకు ఇరవై రెండు అడుగుల్లో ఉన్న నీళ్ళు ముప్ఫై ఒకటికి దిగిపోయాయి. టేపు మళ్ళీ వదిలి చూశాను. ముప్ఫై ఒకటే. లోయ వాళ్ళంతా పని మానుకుని, పరీక్ష అవగానే బోరుబండి రావడానికి దారి చదును చేస్తున్నారు. నన్ను చూడగానే పారలు ఆపి, ఎలా ఉన్నాయి నీళ్ళు అని అడిగారు. వాళ్ళ బావులు దిగుతున్నాయని వాళ్ళకూ తెలుసు, ఎండలు కదా అనుకుంటున్నారు. బాగానే ఉన్నాయి అనేశాను. వాళ్ళ మొహాలు చూసి అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కొంత నిజమే.

కానీ మీటింగులో ఒక్కసారి నోరు విప్పితే సరిపోయేది. వాళ్ళెవరూ ఆ గదిలో లేరు. పెద్దాఫీసరు నీ రిపోర్టు పక్కన పెట్టి నా రిజిస్టరు చేతిలోకి తీసుకున్నాడు. పదో తరగతి తప్పినవాడి అంకె ముందు నీ చదువు తల వంచుకుని నిలబడింది. అందరూ నా వైపు చూశారు. నాకది బాగుంది, బావా. నువ్వు కూర్చునేదాకా బాగుంది.

సోమవారం ఆఫీసుకు వెళ్ళి ఆ అమ్మాయికి ఇదంతా చెప్పాను. నిజమైన అంకెలు ఎక్కడా రాసుకోలేదు. పదిహేడు బావుల్లో పదకొండింటివి నోటికి వచ్చాయి, రాసుకుంది. ఆర్నెల్ల పేజీల మీద ఎర్ర గీత కొట్టి, కింద నాచేత సంతకం పెట్టించింది. నా సంగతి పైవాళ్ళు ఏం చేస్తారో తెలియదంది. అరవై బోర్ల కాగితం ఆపడానికి ఎర్ర గీత ఒక్కటే చాలదట, ఆ రాతిని చేత్తో పట్టి చూసినవాడు వచ్చి చెప్పాలట. నీ అడ్రసు అడిగితే ఇచ్చాను. వచ్చే వారం మీ ఇంటికి వస్తుంది. నన్ను ఏమన్నా అనుకో, ఆ అమ్మాయి వస్తే మాత్రం కూర్చోబెట్టి మాట్లాడు.