అమెరికా కప్పు కొట్టాకే

కరామా, దుబాయ్
2026 మే 29, శుక్రవారం

గౌరవనీయులైన త్రిమూర్తులన్నకు ఖాదర్ హుస్సేన్ సలాం చేసి రాసుకున్నది.

ఇక్కడ గదిలో అందరం కులాసా. కల్బా సముద్రపు గాలి నీకు పడిందనీ, కొత్త కిరాణా కొట్టులో పని తేలికేననీ తలుస్తాను. నువ్వు ఫోన్ ఎత్తవు, వాట్సాప్‌లో పంపిన మాటలు వినవు. అందుకే సరుకుల వ్యానులో అటు వస్తున్న షావలి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. చదవకుండా దీంట్లో జీలకర్ర పొట్లం కట్టేస్తావేమోనని, చదివేదాకా ఎదురుగా నిలబడమన్నాను.

బక్రీద్ బిర్యానీ అలవాటు చొప్పున నీ వాటా కూడా కలిపి వండాం. అది మన గది అంజిబాబు తిన్నాడు.

అసలు సంగతికొస్తాను. ఫుట్‌బాల్ ప్రపంచకప్పు వచ్చేస్తోంది. మన గది ఆచారం నీకు చెప్పేదేముంది? చీటీలు తీయడం, ఎవరికి ఏ దేశం వస్తే మళ్లీ కప్పు దాకా అదే అతని జట్టు, జట్టు ఓడినవాడు గదికంతటికీ వండిపెట్టడం. పోయినసారి నీకు అమెరికా వచ్చింది. జాలిపడి నా బ్రెజిల్ చీటీ ఇస్తానన్నా మార్చుకోలేదు. నెదర్లాండ్స్ చేతిలో వాళ్లు ఓడిన రోజు నువ్వు వండిన చేపల పులుసు రుచి ఇంకా నోట్లోనే ఉంది. ఆ గరిటె చేతిలో ఉండగానే ప్రమాణం చేశావు, అమెరికా కప్పు కొట్టాకే ఇక్కడి కొలువు ఖలాస్ చేసుకుని ఊరికి పోతానని.

మేం నవ్వాం. నువ్వు మాత్రం సాయంత్రాలు డాబా మీద, ఆరేసిన బట్టల మధ్య కూర్చుని కథలా చెప్పేవాడివి. వాళ్ల కుర్రాళ్లు ఇంకా కాయలేననీ, ఇటలీలో, ఇంగ్లండులో ఆడి మాగుతున్నారనీ, సొంతగడ్డ మీద కప్పు జరిగేనాటికి పండుతారనీ. వాళ్ల ఆడపిల్లలు నాలుగు కప్పులు తెచ్చారు, మగాళ్లకు ఆ మాత్రం రోషం రాదా అనీ. మైదానాలు, డబ్బు ఉంటే చాలదన్నా, ఆట సందుగొందుల్లో పుట్టాలి, అక్కడ పిల్లల్ని కార్లో దింపితే గానీ ఆడరు అని నేను అడ్డుపడేవాణ్ణి. వినగా వినగా నాక్కూడా నిజమేననిపించేది.

మనం పోట్లాడుకున్న రోజు నేనన్న మాట మీద ఇప్పటికీ నిలబడతాను. ఊరికి పోవడానికి నీకు జంకు. ఏళ్ల తరబడి సెలవుకి వెళ్లొచ్చే చుట్టానివయ్యావు. అక్కడే ఉండిపోతే ఏం చేయాలో తోచక ఆ జట్టు వెనక దాక్కున్నావు. యథార్థవాది లోకవిరోధి అన్నారు. కానీ దానికే పెట్టె సర్దుకుని పోతావనుకోలేదు. నువ్వు లేని గది నాకు బాగాలేదన్నా.

మొన్న ఒక కల వచ్చింది. నేనెన్నడూ చూడని మీ గోదావరి లంకలో అమెరికా ఫైనల్ ఆడుతోంది. కొబ్బరి దుంగలే గోల్‌పోస్టులు. బంతి ఏట్లో పడిపోయింది. పోటుకు అదే తిరిగి వస్తుందని ఆటగాళ్లంతా గట్టున కూర్చున్నారు. నువ్వు మోకాలి లోతు నీళ్లలో నిలబడి చూస్తున్నావు. ఎవరికీ తొందర లేదు. స్కోరెంతని అడగబోతుంటే మెలకువ వచ్చింది.

ఆ తెల్లవారి నమాజులో అమెరికా గెలవాలని దువా చేశాను. రాయచోటివాడు ఇదేం కోరిక కోరాడని అల్లాకే వింతగా ఉండి ఉంటుంది.

జూన్ పదమూడు తెల్లవారుజామున ఫజర్ నమాజు అయిన కాసేపటికి వాళ్ల మొదటి ఆట, పరాగ్వేతో. ముందురోజు సాయంత్రానికే వచ్చెయ్. యల్లా, బయల్దేరు, ఆలోచించకు.

నీ పులుసు కోసం చూసే తమ్ముడు,
ఖాదర్ హుస్సేన్

తా.క. ఇది రాయకూడదనుకున్నాను. ఆ ప్రమాణం నువ్వు చిట్టెమ్మ వదినకూ చెప్పావట. మాకది నవ్వులాట, ఆవిడకు గడువు. నాలుగేళ్లుగా ప్రతి శుక్రవారం అమెరికా గెలవాలని మీ ఊరి అమ్మవారికి దీపం పెడుతోందట. మొక్కు చీర ఇప్పుడే కొనేసిందట. నిన్న నాకు ఫోన్ చేసి, ఆ పరాగ్వేవోళ్లు బాగా ఆడతారా బాబూ అని అడిగింది. అంతేం లేదొదినా అన్నాను. తర్వాత, అమెరికావోళ్లు ఓడిపోతే మళ్లీ నాలుగేళ్లేనా బాబూ అంది. ఆ జవాబు నేను చెప్పేది కాదన్నా. ఫోన్ నువ్వే చెయ్.