నార్వాల్‌కు ఆ పేరెవరు పెట్టారు

హారిస్‌డేల్, పెర్త్
14 సెప్టెంబర్ 2025

చిరంజీవి లాస్యకు,

అమ్మమ్మ ముద్దులు, దీవెనలు. ఇక్కడ నేను, మీ బాలమురళి మామయ్య కులాసా. నీకు తెలుగు వింటే అర్థమవుతుంది గానీ చదవడం రాదు కదా, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకో. వంట పని ఉందంటే అయ్యాకే చదవమను. ఈ ముసలిదానికి తొందరేం లేదు.

మొన్న ఫోన్‌లో నీ స్కూల్ ప్రాజెక్టు గురించి చెప్పావు. మంచు సముద్రంలో తిరిగే నార్వాల్ అనే తిమింగలం. దాని మూతి మీద పొడుచుకొచ్చింది కొమ్ము కాదు, పన్ను అన్నావు. అంతవరకు సరదాగానే విన్నాను. ఆ పేరుకు అర్థం శవం తిమింగలమని చెప్పి, దట్స్ సో మీన్ అమ్మమ్మా, ఇట్స్ నాట్ ఈవెన్ డెడ్ అన్నావు. ఆ మాట దగ్గర ఆగిపోయాను.

తర్వాత మామయ్య ఐప్యాడ్‌లో దాని ఫొటోలు చూశాను. ఒళ్లంతా మచ్చలు. పుట్టినప్పుడు బూడిద రంగులో ఉంటుందట, పెద్దయ్యేకొద్దీ మచ్చలు తేలతాయట, ముసలిదయ్యేసరికి దాదాపు తెల్లబడుతుందట. పూర్వం నావికులెవరో చూసి, నీళ్లలో తేలే శవం రంగులా ఉందని ఆ పేరు పెట్టారంటారు. వాళ్లు ఒడ్డుకు చేరి ఎవరిళ్లకు వాళ్లు పోయారు. పేరు మాత్రం దానికి అంటుకుపోయింది. ఆ మంచు దేశంలోనే పుట్టి పెరిగినవాళ్లు వేరే పేరుతో పిలుస్తారట, అందులో శవం ఊసే లేదట. నాకు వాళ్లే నచ్చారు.

మీ అమ్మ చేతుల మీద కూడా అలాంటి తెల్ల మచ్చలే కదా. నీ పుట్టినరోజుకు టూంగాబీలో మీ ఇంటికి వచ్చినప్పుడు, ఫొటోకి ఫుల్ హ్యాండ్స్ వేసుకోమని అమ్మతో అన్నాను. లాస్య ముందు కూడానా అమ్మా అని లోపలికి వెళ్లిపోయింది. అప్పటినుంచి ఫోన్ నీ చేతికిచ్చి తప్పుకుంటోంది. అమ్మ చిన్నప్పుడు పిల్లలంతా బీచ్‌లో ఈదుతుంటే, తనకి పొడుగు చేతుల చొక్కా తొడిగి గొడుగు కింద కూర్చోబెట్టేదాన్ని. ఎవరో ఏదో అంటారని భయపడి, వాళ్లకంటే ముందు నేనే అన్నాను. సిగ్గుగా ఉంది తల్లీ.

నీ పుట్టినరోజు నాడే నువ్వు ఇంకోటి కూడా అడిగావు, నిద్రపోయేటప్పుడు కూడా నా చేతికి వాచీ ఎందుకని. టైము చూసుకోవడానికి అన్నాను. నీ ప్రాజెక్టు బొమ్మలో మచ్చలు మాత్రం ఒక్కటి కూడా వదలకుండా వెయ్యి.

ఇట్లు,
నీ అమ్మమ్మ సత్యభామ

తా.క.: శ్రీదివ్యా, ఇక్కడినుంచి ముందు నువ్వొక్కదానివే చదువుకో. నీ మచ్చలు మీ నాన్న వైపు నుంచి వచ్చాయని ముప్పై ఏళ్లు అందరికీ చెప్పాను. మీ నానమ్మ ఆ మాట పడుతూనే పోయింది. నా వాచీ కింద రూపాయి బిళ్లంత మచ్చ ఉంది, నువ్వు పుట్టకముందు నుంచే. నాన్నకు తెలుసు. తన తల్లి మీద నింద వేస్తున్నా నన్ను బయటపెట్టలేదు. మచ్చ రావడంలో ఎవరి తప్పూ లేదని డాక్టర్లంటారు. నేను చెప్పిన అబద్ధం మాత్రం నా తప్పే.

వాచీ ఈ కవర్లోనే పెట్టాను. ఇక అది నాకు అక్కర్లేదు. ఇప్పుడు ఈ నాలుగు మాటలు కూడా లాస్యకు పైకి చదువు.