అమ్మవారికి కోపమొస్తాదన్నావే

అత్తా, దండాలు.

నువ్వు పోయి మూడు నెలలు దాటింది. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదని మా అమ్మ అంటోంది. బతికున్నప్పుడు నీ ఎదుట నోరెత్తలేకపోయాను. ఇప్పుడైనా అననీ...

కమల నీ కోసం వెతుకుతోంది. వంగని మోకాలు చాపుకుని వాకిట్లో కూర్చుని, అవ్వ యాడికి పోయిందని అడుగుతుంది. మనవరాలికి ఏం చెప్పమంటావు?

ఆటలమ్మ పోసినప్పుడు దానికి నాలుగేళ్లు. పొక్కులన్నీ మాడుతున్నాయి, ఇంక తలకు నీళ్లు పోయొచ్చు అనుకున్నాం. మోకాలి మీద పొక్కును గోక్కుంది. మర్నాటికి అది ఎర్రగా వాచింది. తగ్గిన జ్వరం మళ్లీ కాసింది. కాలు ముట్టుకుంటే కేకలు పెట్టింది. డాక్టరు దగ్గరికి తీసుకుపోతానంటే గడపకు అడ్డంగా కూర్చున్నావు.

"అమ్మ ఇంట్లో ఉండాది. సూది పొడిస్తే ఆయమ్మకు కోపమొస్తాది. ఏపాకు పరిసి పండబెట్టు" అన్నావు.

వేపాకు చీమును ఆపిందా అత్తా?

నీ కొడుకు నీ మాట దాటలేదు. పిల్ల కళ్లు తేలేశాక నిన్ను నెట్టుకుని బయటపడ్డాను. పాకాలలో రైలెక్కి చిత్తూరు ఆసుపత్రి చేరేసరికి చీము కీలులోకి దిగిపోయింది. డాక్టరమ్మ కోసి తీసింది. ఆటలమ్మ దానంతటదే పోయేదనీ, గోకిన పుండులోంచి వేరే క్రిములు లోపలికి చేరాయనీ చెప్పింది. ముందే తెచ్చుంటే కాలు దక్కేదట. ముందే!

ఇంటికొచ్చాక నువ్వు ఆ మాటే ఎత్తలేదు. పిల్లను మాత్రం చంక దించలేదు. "నా బంగారు నడిసేదెందుకు, అవ్వ లేదా?" అంటూ బావికీ చేనికీ మోశావు, నీ నడుం వంగిపోతున్నా. దాంతో సరిపోయిందనుకున్నావా? ఒక్కసారి... తప్పు చేసినానని ఒక్కసారి ఎందుకు అనలేదు?

పోయిన నెల కమల తమ్ముడికీ ఆటలమ్మ పోసింది. చెవి వెనక పొక్కు వాచి, జ్వరం తిరగబెట్టగానే వాణ్ణి ఎత్తుకుని బయల్దేరాను. వీధిలో ఆడవాళ్లు నీ మాటలే అప్పజెప్పారు. ఈసారి నీ కొడుకే ముందు నడిచాడు. ఆ పని అప్పుడు చేసుంటే... పిల్లోడు బాగున్నాడు.

కమలను నేను ఎత్తుకోను. రోజూ వీధి మొగదాకా నడిపిస్తున్నాను. పడుతుంది, ఏడుస్తుంది, అవ్వే మంచిదంటుంది. అననీ! బడిలో వేసేనాటికి తన కాళ్లతోనే పోతుంది. ఇది నీకు నేనిచ్చే మాట.

నీ తమ్ముడి కూతురు, నీ కోడలు
సుబ్బులు